పట్టీ పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

తే.గీ.
తడిపి కట్టిన పట్టీయె దారి చూపు;
చేతి గడియార మడుగులఁ జేర్చి పలుకు;
మెల్లమెల్లగఁ బరుగిడ మేలు కలుగు;
వయసు తీసివేసెడు లెక్క వలదు నీకు.

అవతారిక

ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ దొరకదు. మారథాన్‌కు పేరు నమోదు చేసుకుని, గుండె వేగం కొలిచే సాధనం ఏది కొనాలో తేలక, పరుగు మానేసి రివ్యూలు చదువుతూ కూర్చున్న వారి కోసం వ్యాఖ్యాతే దీన్ని అల్లాడు. కవీ వ్యాఖ్యాతా ఒకరే కావడం వల్ల కవిహృదయం పట్టుకోవడం సులువు. మెచ్చుకోవడానికి మొహమాటమూ లేదు.

ప్రతిపదార్థం

తడిపి కట్టిన = నీళ్లతో పదును చేసి రొమ్ము కింద బిగించిన; పట్టీయె = ఛాతీ పట్టీ మాత్రమే (ఈ ఏవకారంతో ఉంగరాలు, చెవిలో పెట్టేవి, ఫోన్ కెమెరా మీద వేలుంచమనే ఆప్‌లు తోసిపుచ్చబడ్డాయి); దారి చూపు = ఎంత వేగంగా పోతున్నావో కాక, ఎంత కష్టపడుతున్నావో తెలుపును; చేతి గడియారము = మణికట్టు మీద పచ్చదీపాలు వెలిగించే వాచీ, ఎంత ఖరీదైనదైనా సరే; అడుగులఁ జేర్చి = గుండె లెక్కలో కాళ్ల లెక్క కలిపి; పలుకు = తప్పని తానెరుగకయే చెప్పును; మెల్లమెల్లగఁ బరుగిడ = పక్కవాడు దాటిపోయినా చలించక పరుగెత్తగా; మేలు కలుగు = స్పష్టం; వయసు తీసివేసెడు లెక్క = 220 లోంచి ఏళ్లు తీసేయడం; నీకు వలదు = లోకంలో ఎందరికి కుదిరినా నీకు కుదురుతుందన్న పూచీ లేదు.

వ్యాఖ్య

మొదటి పాదంలో కవి పట్టీ కంటే ముందు తడిని చెప్పడం గమనార్హం. గుండె ముడుచుకున్న ప్రతిసారీ పుట్టే సన్నని విద్యుత్తు చర్మం దాకా వస్తుంది. పట్టీ లోపలివైపు ఉన్న రెండు ఎలక్ట్రోడ్లు దాన్ని పట్టుకుంటాయి. పొడి చర్మం ఆ విద్యుత్తును సరిగా దాటనివ్వదు, తడి దాటనిస్తుంది. ఈ తడికి గొప్ప వంశమే ఉంది. నెదర్లాండ్స్‌లో ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త ఈసీజీ యంత్రం కట్టినప్పుడు రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీటి పాత్రల్లో ముంచి కూర్చునేవాడు. యంత్రం బరువు సుమారు 270 కిలోలు. దానికే ఆయనకు 1924లో నోబెల్ వచ్చింది. అంత సరంజామానూ నడుముపట్టీ అంత చేసి, తీగ లేకుండా మంచులో స్కీయింగ్ చేసేవారి రొమ్ముకు కట్టిన ఘనత ఫిన్లాండ్ వారిది. అక్కడి పోలార్ సంస్థ 1977లో పుట్టింది, 1982లో వైర్‌లెస్ పట్టీని అమ్మకానికి తెచ్చింది.

శంక: బెజవాడలో మే నెల ఉదయం బూట్ల లేసులు ముడివేసేలోపే ఒళ్లంతా తడిసిపోతుంది కదా, 'తడిపి' అనడం పునరుక్తి దోషం కాదా?

సమాధానం: కాదు. కవి దృష్టిలో డిసెంబరు లంబసింగి ఉంది, ఏసీ జిమ్ కూడా ఉంది. అక్కడ పొడి పట్టీ కట్టినవాడికి మొదటి పది నిమిషాలూ అంకెలు పిచ్చిగా ఎగురుతాయి. చెమట పట్టాక అవే దారికొస్తాయి. ఆ పది నిమిషాల అంకెలు చూసి కార్డియాలజిస్టుకు ఫోన్ చేసినవారూ ఉన్నారు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో 'నాకి కట్టిన' అని ఉంది. గణం సరిపోతుంది, పార్కుల్లో ఆచారం కూడా అదే. కానీ నకారానికి దకారంతో యతి కుదరదు. కనుక అది పరుగువీరుల ప్రక్షిప్తమని తోసిపుచ్చడమైనది.

ఇంకో సూక్ష్మం. పొడి గాలిలో వదులైన సింథటిక్ టీషర్టు రెపరెపలాడితే స్థిర విద్యుత్తు పుట్టి, పట్టీ కూడా 220 చూపించగలదు. అప్పుడు దోషం పట్టీది కాదు, చొక్కాది. బిగుతు చొక్కా వేసుకోవాలి, లేదా ఉన్నదాన్ని తడుపుకోవాలి.

రెండో పాదంలో భ్రాంతిమదలంకారం. పోలిక వల్ల ఒకదాన్ని మరొకటిగా భ్రమించడం దీని లక్షణం. ఇక్కడ భ్రమించేది నాయకుడూ కాదు, నాయికా కాదు, వాచీ. అది చర్మం మీదికి పచ్చని వెలుతురు పంపుతుంది. రక్తం పచ్చ వెలుతురును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడు నాళాల్లో రక్తం ఎక్కువ, తిరిగొచ్చే వెలుతురు తక్కువ. మధ్యలో ఇందుకు తలకిందులు. ఈ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి నాడి ఇంత అంటుంది. కదలకుండా కూర్చున్నంతసేపూ ఈ లెక్క బాగానే సాగుతుంది. పరుగు మొదలెట్టగానే చేయి ఊగుతుంది, వాచీ జరుగుతుంది, చర్మం కింది రక్తం కూడా అడుగుతో పాటు ఊగుతుంది. పరుగెత్తే మనిషి నిమిషానికి వేసే అడుగులు ఇంచుమించు 160 నుంచి 180. కష్టపడుతున్న గుండె వేగం కూడా ఆ చుట్టుపక్కలే. ఇక వాచీకి ఏది గుండో ఏది కాలో ఎలా తెలుస్తుంది? గుండె 138 దగ్గర హాయిగా ఉన్నా 172 అని చూపిస్తుంది. దాన్ని నమ్మిన సాధకుడు హడలిపోయి నడకకు దిగుతాడు. నడక మొదలవగానే అంకె ఒక్కసారిగా పడిపోతుంది, "చూశావా, ఎంత త్వరగా కోలుకున్నానో" అని సంతోషిస్తాడు. ఒక్క భ్రాంతి మీద రెండో భ్రాంతి!

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. పరుగయ్యాక ఆప్‌లో అడుగుల గీతను, గుండె గీతను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ కవలల్లా పోతుంటే, ఎత్తు ఎక్కినా పల్లం దిగినా గుండె గీత కదలకుంటే, ఆ రోజు కొలిచింది కాళ్లనే.

శంక: మన వైద్యులు తరతరాలుగా మణికట్టు పట్టుకునే కదా నాడి చూశారు?

సమాధానం: చూశారు. శార్ఙ్గధర సంహిత వాతనాడి జలగలా పాములా, పిత్తనాడి కాకిలా కప్పలా, కఫనాడి హంసలా పావురంలా నడుస్తుందంటుంది. మన బసవరాజీయంలోనూ నాడీపరీక్ష ఉంది. అయితే చేయి పట్టుకుని "ఏదీ, కాస్త పరుగెత్తు" అన్న వైద్యుడు ఏ గ్రంథంలోనూ లేడు.

వాచీని పూర్తిగా తిట్టడం వ్యాఖ్యాత ఉద్దేశం కాదు. నిద్రలో నాడికి, పొద్దున లేవగానే చూసుకునే నాడికి అది చాలు. మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైన బిగించి కడితే, ఒకే వేగంతో సాగే పరుగులో చాలామందికి పరవాలేదు. చలిలో చర్మపు నాళాలు ముడుచుకున్నా, అక్కడ ముదురు పచ్చబొట్టు ఉన్నా, సైకిల్ హ్యాండిల్ మీద మణికట్టు వంగి అదిరినా నమ్మరాదు. నిమిషం పరుగు, నిమిషం విరామం అనే ఇంటర్వెల్స్‌లో అయితే గుండె ఎక్కి దిగిపోయాక వాచీ ఎక్కడం మొదలెడుతుంది.

ఇక మతభేదాలు. మణికట్టు వారిది అద్వైతం: టైము, దూరం, నిద్ర, నాడి అన్నీ ఆ ఒక్క వాచీయే. ఛాతీ వారిది ద్వైతం: కొలిచేది వేరు, చూపేది వేరు. చేతి కండకు కట్టే బాహుపట్టీ వారు విశిష్టాద్వైతులు. వెలుతురు విద్య వాచీదే, కాకపోతే కండ ఎక్కువగా, ఊపు తక్కువగా ఉన్న చోట నిలబడింది. ఛాతీ పట్టీ ఒరుసుకుని పుండ్లు పడేవారికి, స్పోర్ట్స్ బ్రా కింద అది ఇరుకయ్యే స్త్రీలకు ఈ మతమే శరణ్యం. మిగతావారికి వ్యాఖ్యాత ఓటు ద్వైతానికి. కొనేటప్పుడు చూడవలసింది కొంచెమే. బ్లూటూత్, ఆంట్ ప్లస్ అనే వైర్‌లెస్ దారులు రెండూ ఉండాలి. బటన్ బ్యాటరీ మనమే మార్చుకునేలా ఉండాలి. పట్టీ అరిగితే పట్టీ ఒక్కటే విడిగా దొరకాలి. ఈతగాళ్లు మాత్రం లోపలే లెక్క దాచుకునేది తీసుకోవాలి, బ్లూటూత్ నీళ్లలో జానెడు కూడా సరిగా పోదు.

మూడో పాదం స్వభావోక్తి. విస్తరించనక్కర లేదు. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత మెల్లగా అని అర్థం. ఎండలో అదే వేగానికి గుండె గంట తర్వాత పది పదిహేను దెబ్బలు ఎక్కువ కొట్టవచ్చు. ఒంట్లో నీరు తగ్గి, రక్తం చర్మాన్ని చల్లబరిచే పనికి మళ్లడమే కారణం. అలాంటప్పుడు తగ్గించుకోవలసింది వేగాన్ని, సాధనం మీద నమ్మకాన్ని కాదు.

నాలుగో పాదానికే విరోధులు ఎక్కువ. 220 లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందన్న సూత్రం 1971 నాటి ఫాక్స్ బృందం వ్యాసం నుంచి వ్యాపించింది. అప్పటికి ఉన్న రకరకాల ఫలితాల గుండా చూపుమేర గీసిన గీత అది. 2001లో తనకా బృందం దాన్ని సవరించి, వయసును 0.7తో గుణించి 208 లోంచి తీసేయమంది. అరవై ఏళ్లవాడికి పాత లెక్క 160, కొత్త లెక్క 166. రెండూ సగటులే. ఒకే వయసు వాళ్లలో పది పన్నెండు దెబ్బలు అటూ ఇటూ ఉండటం మామూలే. ఎంత నిక్కమైన పట్టీ కట్టినా, ఈ తప్పు కొలబద్ద మీద మెల్లని పరుగుకు జోన్ టూ అని హద్దులు గీసుకుంటే శ్రమంతా పక్కింటివాడి గుండెకు చేసినట్టే.

అయితే ఏది గతి? అరగంట ఒంటరిగా, ఆ అరగంటా నిలుపుకోగల గరిష్ఠ వేగంతో పరుగెత్తి, చివరి ఇరవై నిమిషాల గుండె వేగం సగటు తీసుకుని, దాని నుంచి జోన్లు కట్టుకోమని కోచ్‌లు చెబుతారు. నడివయసు దాటినవారు, గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం పట్టీ ఏ అంకె చూపినా లెక్కపెట్టక ఆగిపోవాలి. ఈ ఒక్క మాటలో వ్యాఖ్యాత హాస్యమాడటం లేదు.

శంక: పరుగయ్యాక పట్టీని ఏం చేయాలి?

సమాధానం: ముందు గుండ్రటి పరికరాన్ని ఊడదీయాలి. తడి పట్టీకి తగిలించి ఉంచితే అది ఇంకా ఛాతీ మీదే ఉన్నాననుకుని బ్యాటరీ తినేస్తుంది. తర్వాత పట్టీని మంచినీళ్లలో జాడించాలి, లేకుంటే చెమటలోని ఉప్పు పేరుకుని ఎలక్ట్రోడ్లు పాడవుతాయి.

శంక: జాడించాక ఎక్కడ ఆరేయాలి? వంటింటి కిటికీకి వేలాడదీస్తే ఇంట్లో ఊరుకోవడం లేదు.

సమాధానం: ఇది శాస్త్ర పరిధిలోది కాదు. ఆ ఇంటి పెద్దరికాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.