‘చిన్న మార్పే’కు టీకా తాత్పర్యం

మూలం:
తమ్ముడూ! చిన్న మార్పే. గెలల బిల్లులో కమీషన్ కూడా పడాలి. రేపు మార్కెట్టుకల్లా పెట్టెయ్. డబ్బులదేముంది.

అవతారిక: రావులపాలెం అరటి మార్కెట్టు యార్డులో ఒకానొక కమీషన్ వ్యాపారి, తన బిల్లుల వెబ్ యాప్ రాసిపెట్టిన కుర్రవాడికి రాత్రి భోజనమయ్యాక పంపిన వాట్సాప్ సందేశమిది. కర్త పేరు చెప్పడం భావ్యం కాదు. కాళిదాసుకు వ్యాఖ్యాతగా మల్లినాథసూరి దొరికాడు, ఈయనకు మేం దొరికాం.

ప్రతిపదార్థం:
తమ్ముడూ = ఓ డెవలపరూ! (పాత బాకీ ఉన్నవారే ఇట్లు పిలుతురు. కొత్తవారు ‘ఏవండీ’ అందురు.)
చిన్న = తాను చేయనక్కరలేని;
మార్పే = మార్పు మాత్రమే; ఇచ్చట ఏకారము బేరమును సూచించును.
మార్కెట్టుకల్లా = సైకిళ్లకు వేలాడుతూ కర్పూరం, చక్కెరకేళి గెలలు యార్డులో దిగేసరికి; ఒడిశా లారీ ఎవరికోసమూ ఆగదు గనుక.
డబ్బులదేముంది = డబ్బుల విషయమై ఏమియు లేదు. ప్రశ్నయని భ్రమించి జవాబు చెప్పరాదు.

విశేషాలు: ‘కమీషన్ పడాలి’ అన్నచోట వ్యాఖ్యాత కాస్త ఆగాలి. తెర మీద అదొక గడి, అంతే. కానీ శాతాన్ని ఒక్కచోటే రాసి, బిల్లులన్నీ అక్కణ్ణించే తీసుకునేలా పెడితే, రేపు శాతం మార్చగానే పోయిన శ్రావణంలో చెల్లిపోయిన బిల్లుల మొత్తాలూ మారి కూర్చుంటాయి. రైతు జేబులో కాగితం ఒకటి చెబుతుంది, వ్యాపారి ఫోను ఇంకొకటి. అందుకని ఏ బిల్లు శాతం ఆ బిల్లులోనే దాచాలి. మరి పాత బిల్లులకు సున్నా వేయాలా, ఖాళీగా వదలాలా? అర్ధరాత్రి అడిగితే షావుకారు ఫోనెత్తడు.

తర్వాత పైసలు. జావాస్క్రిప్టులో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. సున్నా, ఒకట్లతో నడిచే లెక్కలో పదో వంతు సరిగ్గా ఇమడదు మరి. అందుకే రూపాయల్ని పైసలు చేసి పూర్ణసంఖ్యలుగా దాస్తారు. జావాస్క్రిప్టు తొలిరూపం రాయడానికి 1995లో బ్రెండన్ ఐక్‌కి పది రోజులు పట్టింది. మనవాడికి దొరికింది ఒక రాత్రి.

‘పెట్టెయ్’: ఎక్కడో ఉన్న సర్వర్లో అని భావం. దానికి నెట్టుండాలి. 2022 మే 24న అమలాపురం అల్లర్లయ్యాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు చంకనేసుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లు పట్టారు. ఉద్యోగస్తుడైతే సెలవు పెట్టుకోవచ్చు. సొంతంగా చేసుకునేవాడు సెలవు చీటీ ఎవరికివ్వాలి?

అలంకారం: పంపినవారికి స్వభావోక్తి, చదివినవారికి అతిశయోక్తి.

తాత్పర్యం: నేను పడుకుంటున్నాను, నువ్వు పడుకోకు.

ప్రక్షిప్త విచారం: తెల్లవారాక మరో వాక్యం కనిపిస్తోంది: ‘కమీషన్ తీసెయ్ తమ్ముడూ, బిల్లు మీద కనబడితే రైతులు అడుగుతారు.’ ఇంత మంచి సందేశం రాసిన చెయ్యి ఇలా రాయదు, ఎవరో తర్వాత చేర్చారని కొందరు పండితులు వాదిస్తారు. ఆ వాదం నిలవదు. పంపిన నంబరు ఒకటే. కింద మనవాడి జవాబూ ఉంది: ‘ఆయ్, అలాగేనండి.’