మేడమీది ఆటవెలది: సటీకా తాత్పర్యం

వచ్చెనోయి బొమ్మ? వంచితి గొట్టమున్
రాక రాక వచ్చి రాలిపోయె
కాకి వాలెనేమొ? కదలకు మచ్చటే!
నిలువు! నిలువు! బొమ్మ నిలిచె నిలిచె!

అవతారిక: ఈ చాటువు కర్త ఎవరో తెలియదు. కాలనిర్ణయానికి మాత్రం ఆధారాలున్నాయి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది కనుక అంతకు ముందుది కాదు. 1975లోనే ఉపగ్రహ ప్రయోగం కింద మన పల్లెలు కొన్ని టీవీ చూశాయి కదా అంటే, నిజమే. కోళ్ళగూటి జాలీతో చేసిన పది అడుగుల గొడుగులు అక్కడ వెలిశాయి. కాని వాటిని తిప్పి నిలబెట్టే పని ఇంజనీర్లది. ఇంజనీర్లు తిప్పినచోట పద్యం పుట్టదు. 1987 జనవరిలో ఆదివారం పొద్దుట రామాయణం మొదలైన నాటిదని మా అభిప్రాయం.

ప్రతిపదార్థం: ఓయి = మెట్లమీద నిలిచిన తమ్ముడా; బొమ్మ = దూరదర్శన్ వారు పంపిన దృశ్యము; వచ్చెనా = తెరమీద కుదిరినదా; గొట్టమున్ = యాంటెన్నా మోయు ఇనుప పైపును; వంచితిన్ = తిప్పితిని; రాక రాక వచ్చి = ఇంటిల్లిపాదీ ఆశ వదులుకొన్నాక వచ్చి; రాలిపోయెన్ = చుక్కలైపోయెను; కాకి వాలెనేమొ = కడ్డీపై కాకి వాలినది కాబోలు; అచ్చటే కదలకుము = పట్టిన చేయి తీయకుము; తక్కినది సులభము.

వ్యాఖ్య: పద్యంలో మాట్లాడేవాళ్ళు ముగ్గురు. మొదటి పాదం మేడమీది పెద్దకొడుకుది. 'ఓయి' అన్నాడు కనుక నేరుగా తండ్రితో మాట్లాడడం లేదు, ఆయనతో అలా అనగలిగినవాడు ఆ ఇంట్లో లేడు. రెండో పాదం టీవీ ముందు కూర్చున్న తండ్రిది. మూడోది మెట్లమీది తమ్ముడిది. అటు ఆకాశమూ ఇటు తెరా రెండూ కనిపించని చోట నిలబడ్డాడు కనుక వాడొక్కడికే కాకిమీద అనుమానం కలిగింది. నాలుగో పాదంలో తండ్రి 'నిలువు' అన్నది వాడి నోట రెండోసారి వినిపించేలోపు అన్న పైపును ఇంకో బెత్తెడు తిప్పేశాడు. బొమ్మ చూసేవాడు తిప్పలేడు, తిప్పేవాడు చూడలేడు. ఈ పద్యానికి ఉన్న కష్టమంతా ఇదే, అందమూ ఇదే.

శంక: వంచడం వేరు, తిప్పడం వేరు కదా?

సమాధానం: కవి గొట్టాన్ని వంచింది యతికోసం. యతి లేకపోతే తిప్పేవాడే.

ఎందుకు తిప్పాలో పూర్వ వ్యాఖ్యాతలు చెప్పలేదు కనుక ఇక్కడ కొంత విస్తరించక తప్పదు. పైపుమీద అడ్డంగా ఉండే అల్యూమినియం కడ్డీలలో వైరు తగిలేది ఒక్కదానికే, మడతపెట్టినట్టుండే దానికి. మిగతావి పెళ్ళిలో బంధువుల్లాంటివి. తాళి కట్టకపోయినా అవి లేకుండా పని జరగదు. వెనకనున్న పొడుగు కడ్డీ దాటిపోబోయే తరంగాన్ని వెనక్కి తోస్తుంది. ముందున్న పొట్టివి దాన్ని లోపలికి నడిపిస్తాయి. కాబట్టి పొట్టి కడ్డీలవైపే స్టేషను ఉండాలి. వీధిలో సగంమంది దీన్ని తలకిందులుగా నమ్మేవారు. ఇక కొలత. సెకనుకు ఇరవై కోట్ల సార్లు ఊగే తరంగం పొడుగు మీటరున్నర. అందులో సగం, 75 సెంటీమీటర్లు, నడిమి కడ్డీ పొడుగు. ఆరుకోట్ల దగ్గర పంపే స్టేషనైతే రెండున్నర మీటర్లు కావాలి. ఆ ఇళ్ళమీద యాంటెన్నాలు గద్దలు రెక్కలు చాచినట్టుండడానికి దర్జా కారణం కాదు, లెక్క కారణం.

ఈ అమరిక 1926లో జపాన్‌లోని సెందాయిలో పుట్టింది. శ్రమ ఎక్కువ ఉదా గారిది, పేరు ఎక్కువ యాగి గారికి వచ్చింది. 1942లో సింగపూరు పడ్డాక జపాన్ సైన్యానికి ఒక బ్రిటిష్ నోటుపుస్తకం దొరికింది. అందులో 'యాగి' అన్న మాటకు అర్థం తెలియక బందీని అడిగితే, అది మీవాడి పేరేనని చెప్పాడట. టీక లేని గ్రంథానికి పట్టే గతి అది.

'రాక రాక వచ్చి': తరంగాలు దాదాపు సూటిగా పోతాయి. కొండ అడ్డొస్తే ఊరంతా నీడలో పడుతుంది. వంద వాట్ల రిలే కేంద్రాలు ఇరవై పాతిక కిలోమీటర్లకే ఆయాసపడేవి. తడ, సూళ్ళూరుపేట వైపు కడ్డీలు దక్షిణానికి తిరిగి మద్రాసు కేంద్రాన్ని అందుకునేవి. అక్కడివారికి శుక్రవారం సినిమా పాటలు తమిళంలో వచ్చేవి, అభ్యంతరం ఉండేది కాదు.

'బొమ్మ' అని ఏకవచనం ఎందుకు? ఇది మా దృష్టిలో కవి గడుసుదనం. ఏ నీళ్ళ ట్యాంకుకో కొట్టుకుని చుట్టూ తిరిగి వచ్చిన తరంగం ఆలస్యంగా చేరి, బొమ్మ పక్కన రెండో బొమ్మ వేస్తుంది. దారి 300 మీటర్లు ఎక్కువైతే ఇరవై అంగుళాల తెరమీద ముప్పాతిక సెంటీమీటరు కుడికి జరుగుతుంది. ఆ ఇళ్ళలో రాముడికి రెండు తలలు, రావణుడికి ఇరవై. అందుకే స్టేషను వైపు సూటిగా పెట్టినదానికంటే కాస్త పక్కకు తిప్పినది ఒక్కోసారి నయం. స్టేషను బలం కొంత తగ్గినా ట్యాంకు పీడ వదులుతుంది. 'ఒక్క బొమ్మైనా చాలు' అన్న ప్రార్థన ఆ ఏకవచనంలో ఉంది.

'కాకి': అది వాలితే పైపు తిరగవచ్చు, కాదనం. కాని 'అంతరాయానికి చింతిస్తున్నాం' అన్న అక్షరాలు తెరమీద చక్కగా కనిపిస్తుంటే కాకిని తిట్టడం పాపం. యాంటెన్నా అప్పుడే అన్నిటికంటే బాగా పనిచేస్తున్నట్టు. ఈ సంగతి తెలియక ఎంతమంది మేడలెక్కారో!

తాత్పర్యం: గాలిలో వచ్చేదానికి నెలనెలా డబ్బు కట్టనక్కర్లేదు. 1980ల మధ్యలో లైసెన్సు కూడా రద్దయ్యాక పూర్తిగా ఉచితం. ఎండలో పైపు పట్టుకున్నవాణ్ణి లెక్కవేయకపోతే.

విశేషాంశం: నేలమీది పాత ప్రసార కేంద్రాలను దూరదర్శన్ చాలావరకు మూసేసింది. ఉచితం కావాలంటే ఇప్పుడు ఫ్రీ డిష్. తూర్పున 93.5 డిగ్రీల దగ్గరున్న ఉపగ్రహానికేసి ఒకసారి బిగిస్తే చాలు, తమ్ముడి ఉద్యోగం పోయింది. అమెరికాలో తెలుగువాళ్ళు కొందరు ఇప్పటికీ కిటికీకి యాంటెన్నా తగిలించి ఊరి చానెళ్ళు ఉచితంగా చూస్తారు. అయితే అక్కడిది డిజిటల్. రెండు తలలుండవు, చుక్కలుండవు. ఉంటే నిక్షేపంలా ఉంటుంది, లేకపోతే గళ్ళుగళ్ళుగా విరిగి మాయమవుతుంది. వాళ్ళ ప్రతుల్లో 'రాలిపోయె' బదులు 'రాయి యయ్యె' అని దిద్దుకోవచ్చు, గణాలు సరిపోతాయి.

పాఠాంతరం: ఈ పద్యానికి అయిదో పాదం ఉందని మేడమీది సంప్రదాయంవారు వాదిస్తారు. అది 'ఇక నేను దిగనా' అనే అర్థంలో ఉంటుందట. గదిలోనివారెవరికీ వినబడలేదు కనుక మేము పరిష్కరించిన ప్రతిలో చేర్చలేదు.