మా మండల కార్యదర్శిగారు

రహస్యమును దాచుకొనలేనివారు లోకమున పెక్కుమంది కలరు. తమకు తెలిసిన విషయము పరులకు తెలియకుండుటను సహింపలేనివారు మాత్రము అరుదు. మొదటివారిని జనులు వదరుబోతులందురు. రెండవవారు ఉపాధ్యాయవృత్తిలో నున్నచో వారిని సంఘమువారు మండల ప్రధాన కార్యదర్శులుగా నెన్నుకొందురు. మా కార్యదర్శిగారిని మీరెరుగనివారు కారు, పేరు చెప్పనక్కరలేదు. ఏ మండలమునకు పోయినను, ఏ పాఠశాలలో ఇంటర్వెల్ గంట మ్రోగుచుండినను, స్కూటరును వేపచెట్టు క్రింద నిలిపి, భుజమున సంచి సవరించుకొనుచు ఉపాధ్యాయుల గదిలోనికి వచ్చునాయనే ఆయన.

ఆ సంచిలో సభ్యత్వ రశీదు పుస్తకములును, సంఘ మాసపత్రిక ప్రతులును, జనవరి మాసమైనచో డైరీలును కేలండర్లును, అన్నిటికి అడుగున మధ్యాహ్నభోజనపు క్యారియరును ఉండును. ఆ క్యారియరు మూత సరిగా పట్టదు. అందుచేత ఆయన మాకు పంచిపెట్టిన ప్రభుత్వోత్తర్వుల నకళ్లలో గోంగూర నూనె సోకనిది యొక్కటియు లేదు. ఉత్తర్వు సంఖ్యయు తేదీయు ఆయనకు నాలుక చివర నుండును. ఒకనాడు మండల విద్యాధికారి కార్యాలయములో ఎవరిదో సెలవును గూర్చి వివాదము రాగా, అచ్చటి గుమాస్తా బీరువా తాళము వెదకుకొనుచుండగనే ఈయన ఉత్తర్వును తేదీతో సహా ఒప్పజెప్పి, మూడవ పేరాలోని రెండవ వాక్యమునకు అర్థమేమో కూడ సెలవిచ్చిరి. తాళము తరువాత దొరికినది. ఉత్తర్వు దొరకలేదు. అయినను సెలవు మంజూరైనది.

ఆయనను కుశలమడుగునపుడు కొంత జాగరూకత అవసరము. "ఎలా ఉన్నారు మాస్టారూ?" అంటిమా, "ఎలా ఉంటామండీ, జనవరి డి.ఎ. ఇంకా ప్రకటించలేదు, జూలైది వచ్చేస్తోంది" అని ప్రారంభించి, ఫిట్‌మెంటు మీదుగా, సరెండరు లీవు బిల్లుల మీదుగా నడిపించుకొనిపోయి, మనము ఏ పీరియడునకు ఏ తరగతికి పోవలసియున్నదో మనమే మరచునట్లు చేయుదురు. మనుష్యులను సయితము ఆయన సర్వీసు రిజిస్టరు ద్వారముననే గుర్తింతురు. మా సహోద్యోగి యొకరి కుమార్తె వివాహమునకు వచ్చి, వరుని తండ్రికి కన్యాదాతను పరిచయము చేయుచు, "ఈయన తొంభై ఎనిమిది డి.ఎస్సీ అండీ. ప్రమోషన్ వచ్చినప్పుడు 22(బి) కింద ఆప్షన్ ఇవ్వమని ఎంత చెప్పినా వినలేదు. అక్కడే దెబ్బతిన్నారు" అనిరి. వియ్యంకుడు ఆ మాటలకు అర్థమేమియు తెలియకపోయినను, దెబ్బతిన్నది డబ్బు విషయముననే యని గ్రహించి, అక్షతలు చేతబట్టుకొని చాలసేపు ఆలోచించెను.

ఆయన వ్రాయుటయు, మేము చదువకుండుటయు చాలకాలముగా సక్రమముగా సాగుచున్నవి. వెనుకటి దినములలో సైక్లోస్టైలు కాగితములు పంచెడివారు. అవి మా గదిలో పకోడీల పొట్లములుగా పరిణమించెడివి. ఇప్పుడు వాట్సాప్ వచ్చినది. పదోన్నతి లేక ఒకే హోదాలో మిగిలిపోయినవారికి ఇచ్చు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంటు స్కేళ్లు పూర్వము 8-16-24 సంవత్సరములకు లభించెడివనియు, పిమ్మట 6-12-18-24గా మారినవనియు, ఎవరికి ఏది ఎప్పటినుండి వర్తించునో ఉదాహరణములతో, పట్టికతో, అర్ధరాత్రి వరకు కూర్చుండి వ్రాసి, క్రొత్తగా చేరినవారి కొరకని ఒకసారి పంపిరి. తెల్లవారుసరికి అందరును చేతులు జోడించిన బొమ్మలు పెట్టిరి. మా హెడ్మాస్టరుగారు గులాబీపువ్వుతో శుభోదయము చెప్పిరి. అటుపిమ్మట ఫోనులు మొదలైనవి: "మాస్టారూ, గ్రూపులో ఏదో పెట్టారట, ఏమిటది?" ఆయన విసుగుకొనలేదు. ఆ వార్త అప్పుడే తమ చెవిని పడినంత ఉత్సాహముతో, పట్టికను మొదటి గడినుండి, ఒక్కొక్కరికి వేరువేరుగా చదివి వినిపించిరి.

సంఘములు సభ్యులకు సమాచారము చేరవేయుటలేదని పెద్దలు వేదికలపై వాపోవునపుడు నాకు నవ్వు వచ్చును. చేరుచునే యున్నది. చేరినదానిని విప్పి చూచుటకు సభ్యునకు బద్ధకము, ఇంక్రిమెంటు ఆగిన దినమున మాత్రము ఆ బద్ధకము వదలి, "మాకెవరూ చెప్పలేదే!" అను మహావాక్యము వెలువడును. ఆ వాక్యమును అధికముగా ప్రయోగించువాడను నేనే యని ఆయన సభలలో అనుచుందురు. అది కొంత అతిశయోక్తి.

సభ్యులను సభకు రప్పించుట ఇంకొక విద్య. ఆదివారము పెట్టినచో ఎవరును రారు. పనివేళలలో పెట్టుటకు వీలులేదు. కనుక ఆయన స్కూల్ కాంప్లెక్సు సమావేశము జరుగు దినమున, భోజనవిరామమున, మేము చేతులు కడుగుకొని వచ్చులోపలనే లేచి నిలుచుందురు. టీ ఎప్పుడును తీర్మానమునకు పిమ్మటనే. ఒక పర్యాయము అటెండరు తెలియక ముందుగా పోసినందున, నాలుగు డిమాండ్లలో మూడింటిని వినవలసినవారు గ్లాసులతో సహా వరండాలోనికి వెడలిపోయిరి. అప్పటినుండి ఫ్లాస్కును తమ కాళ్ల మధ్య నుంచుకొని ప్రసంగించుచున్నారు.

నన్ను కోశాధికారిని జేసిన వృత్తాంతము ఇచ్చట చెప్పక తప్పదు. ఎన్నికల దినమున నేను కడుపునొప్పిచే ఇంట నుంటిని. మరునాడు కరపత్రములో నా పేరు చూచి నిలదీయగా, "మీరు రాలేదు కాబట్టే ఏకగ్రీవమైంది మాస్టారూ. వచ్చినవాళ్లందరూ మాకొద్దంటే మాకొద్దన్నారు" అని సమాధానమిచ్చిరి. రానివానిని పాల్గొనునట్లు చేయుటకు ఇంతకంటె నిశ్చయమైన ఉపాయము ఏ సంఘ నిబంధనావళియందును ఉండదు. ఆ పదవి మహిమచే కలెక్టరు కార్యాలయము ఎదుట షామియానా క్రింద కూర్చుండి, పత్రికలో ఫొటో పడునేమోనను భీతితో ప్రతి నినాదమునకును చేయి సగమే యెత్తుచు ఎన్ని ధర్నాలు చేసితినో నాకు జ్ఞాపకము లేదు. ఖర్చు వ్రాయువాడను నేనే గనుక మజ్జిగ ప్యాకెట్ల లెక్క మాత్రము తెలియును.

అయినను ఆయనపై కోపము నిలుచుట కష్టము. 2004 సెప్టెంబరు 1 నుండి నియమితులైనవారికి పాత పింఛను లేదని లోకమెరుగును. ఈయన అంతకు చాల పూర్వమే చేరినవారు. ఈయన పింఛనుకు వచ్చిన లోపమేమియు లేదు. ఐనను ఏటేట ఆ దినమున నల్లబ్యాడ్జీల పొట్లముతో ప్రార్థనవేళకే వచ్చి, చేతికిచ్చినచో జేబులో వేసికొందురని అనుభవముచే నెరిగినవారగుటచే, పిన్నీసుతో మా చొక్కాలకు తామే గుచ్చుదురు. పింఛను పోయిన కుర్రవారు సెల్ఫీ తీసికొని బ్యాడ్జీ విప్పివేయుదురు. పోనివారు దానితో సాయంకాలము వరకు సంతలో తిరుగుచుందురు.

వేరొక సంఘపు సభ్యుని వైద్యఖర్చుల బిల్లు, ఆస్పత్రి పత్రములో ఒక సంతకము లేదని తిరిగివచ్చినప్పుడు, ఆ సంఘమువారు ఖండన ప్రకటన చేసిరి. ఈయన బస్సెక్కి పోయి సంతకము తెచ్చిరి. ట్రెజరీ గుమాస్తా బల్ల యెదుట మాటాడకుండ కూర్చుండుట ఆయనకు తెలిసిన గొప్ప పోరాటరూపము. దానిచేత బిల్లు ప్యాసైనది. డబ్బు చేతబడిన వారమునకే ఆ మహానుభావుడు తన పాత సంఘమునకే సభ్యత్వము కట్టెను. మేము మండిపడితిమి. కార్యదర్శిగారు రశీదు పుస్తకము మూసి, "పోనీండి, రెండో ప్రాధాన్యత ఓటు మనదే" అనిరి.

ప్రాధాన్యత ఓటనగా శాసనమండలి మాట. రాజ్యాంగపు 171వ అధికరణము ననుసరించి మండలి సభ్యులలో పండ్రెండవ వంతు ఉపాధ్యాయులచే ఎన్నుకొనబడుదురు. ఆంధ్రప్రదేశమున 1958లో ఏర్పడి, 1985లో రద్దై, 2007లో మరల లేచి కూర్చున్న ఆ సభకు ఆ పండ్రెండవ వంతే ప్రాణమని ఆయన దృఢవిశ్వాసము. సెకండరీ స్థాయికి తక్కువ కాని విద్యాలయములలో పనిచేయువారికే ఆ ఓటు కలదు. ప్రాథమిక పాఠశాలలవారికి లేదు. ఐనను ఓటు వేయు విధానమును గూర్చి ఆయన పెట్టిన తరగతికి, "తెలిసుంటే మంచిదే కదండీ" అను న్యాయముచే, ప్రాథమికోపాధ్యాయులు కూడ హాజరు కావలసివచ్చినది. నల్లబల్లపై బ్యాలటు గీసి, "టిక్కు పెట్టకూడదు. మాటల్లో ఒకటి అని రాయకూడదు. వాళ్లిచ్చిన పెన్నుతో అంకె వెయ్యాలి" అని బోధింపగా, బ్రతుకంతయు పిల్లలచే అంకెలు దిద్దించిన మేము ఒకటి వేయుట నేర్చుకొంటిమి.

లెక్కింపు దినమున ఆయన ఏజెంటుగా కూర్చుండిరి. చెల్లని ఓట్లలో ఒకదానిని చూచి నిర్ఘాంతపోయిరట. అందు గడి తప్పలేదు, కలము మారలేదు, తీర్చిదిద్దిన 1 అంకె ఉన్నది. దానిక్రింద, హాజరుపట్టీలో చేసినట్లే, పొట్టి సంతకమును, తేదీయు ఉన్నవి.

"ఎవరిదండీ?" అని మేమందరమును చుట్టుముట్టితిమి. మా హెడ్మాస్టరుగారు టైంటేబిలు వంక చూచుచుండిరి. కార్యదర్శిగారు మా ముఖములను ఒకసారి పరికించి, "రహస్య బ్యాలటు మాస్టారూ, చెప్పకూడదు" అని సంచి భుజమున వేసికొనిరి. ఆ రాత్రి బ్యాలటుపై సంతకమేల చేయరాదో కారణములతో, పటముతో, సుదీర్ఘ సందేశము వచ్చినది. అందరమును చేతులు జోడించితిమి. మరునాటి యుదయమున హెడ్మాస్టరుగారు ఆయనకు ఫోను చేసి, గ్రూపులో ఏదో పెట్టారట, ఏమిటదని అడిగిరట.