చేపిన పాలు

నేను గాడిదను. బూడిదరంగు ఒళ్లు, వీపు మీద నల్లని చార. మా అమ్మ చాకిరేవుకు మూటలు మోసింది. ఇళ్లలోకి వాషింగ్ మెషీన్లు వచ్చాక మూటలు తగ్గాయి. అప్పుడు మమ్మల్ని సాకే అవ్వ నన్నూ నా కూననూ తోలుకుని పట్నం చేరింది. పొద్దు పొడవకముందే పురానాపూల్ దాటి హుసేనీ ఆలం, శాలిబండ గల్లీల్లో తిరుగుతాం. "గాడిద పాలు... గాడిద పాలో" అని అవ్వ కేక వేస్తుంది. తలుపు తెరుచుకున్న ఇంటి గడప ముందే పితికి ఉగ్గుగిన్నెలో పోస్తుంది. దగ్గుకు మంచిదని, ఆయాసం తగ్గుతుందని తల్లులు నమ్ముతారు. పచ్చిపాలు పసికందుకు పట్టొద్దని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. ఈ విషయంలో నేను డాక్టర్ల పక్షమే.

మా జాతికి పొదుగు చిన్నది, పాలు కొద్ది. పక్కన పిల్ల నిలబడి మూతితో నాలుగు పొడుపులు పొడిస్తే తప్ప చేపం. అందుకే నా కూన ఎప్పుడూ నా వెంటే ఉంటుంది. దాని వంతు దాని కోసం వదిలి, మిగిలిన దాన్నే అవ్వ అమ్ముతుంది. ఆవులా బిందెలు నింపడం మావల్ల కాదు.

పురానాపూల్ అవతల ఒక తబేలా ఉంది. పెళ్లి బారాత్‌లకు గుర్రాలను పంపే చోటు. ఆ వీధిన వెళ్లినప్పుడల్లా అక్కడ గుర్రాలను చూసుకునే సాయిస్ చాచా నా మూతికి ఒక గుప్పెడు ఉలవలు అందించేవాడు. ఆ రోజు ఉలవలు లేవు. చాచా గడప మీద కూర్చుని ఉన్నాడు. లోపల ముసలి తెల్లగుర్రం చచ్చి పడి ఉంది. దాని పక్కన తడి ఇంకా ఆరని నల్లటి పిల్ల నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాచి నిలబడుతోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది.

గుర్రం దాదాపు పదకొండు నెలలు మోసి, ఎక్కువగా రాత్రిపూటే ఈనుతుంది. పుట్టిన గంటలో పిల్ల లేచి నిలబడాలి, రెండు గంటల్లో పొదుగు పట్టాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. తబేలాల్లో పెద్దలు వేళ్ల మీద లెక్కపెట్టే లెక్క ఇది. పిల్ల లేచింది గానీ తల్లి లేవలేదు. వయసు మీరిన గుర్రాలకు ఈనేటప్పుడు గర్భసంచి పెద్ద రక్తనాళం తెగి లోలోపలే నెత్తురు పోయే ప్రమాదం ఉంది. దీనికీ అదే జరిగిందట.

అప్పుడే నాలాలు కొట్టే నాల్‌బంద్ తాత వచ్చాడు. ఆయన వాళ్ల నాన్న మలక్‌పేట రేసుల గుర్రాలకు నాలాలు కొట్టినవాడు. రేసులు 1868లో మౌలాలీలో మొదలై 1886లో మలక్‌పేటకు వచ్చాయి. ఈ నగరానికి గుర్రం కొత్తది కాదు. ఆఫ్రికా నుంచి వచ్చిన రౌతుల దళం ఉన్న చోటును ఇప్పటికీ ఏసీ గార్డ్స్ అనే పిలుస్తారు. బారాత్ ముందు మోగే మర్ఫా వాయిద్యం కూడా వాళ్లతో ముడిపడినదే. నగర పోలీసులకు గుర్రాలు నేటికీ ఉన్నాయి. ఆ గుర్రాల మధ్య తరాలుగా పోగుపడిన తెలివి తాత చేతుల్లో ఉంది.

"ఏడుపు తర్వాత భాయ్, ముందు పొదుగు పట్టు. ఒళ్లు చల్లబడకముందే పితుకు" అన్నాడు తాత.

చాచా కన్నీళ్లు తుడుచుకోకుండానే చచ్చిన గుర్రం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. స్టీలు గ్లాసు పెట్టి పితికాడు. బంక బంకగా, పసుపు పచ్చగా ముర్రుపాలు వచ్చాయి. ఒక గ్లాసు నిండింది, రెండోది సగమైంది, తర్వాత చుక్క రాలేదు. ఆ పాలు ఎంత విలువైనవో చెప్పాలి. మనిషి బిడ్డకు తల్లి నెత్తుర్లోని రోగనిరోధక శక్తి కడుపులో ఉండగానే కొంత అందుతుంది. గుర్రప్పిల్లకు అది మాయ దాటి రాదు. పుట్టాక ముర్రుపాలతోనే దొరకాలి. పేగులు వాటిని నేరుగా ఒంట్లోకి తీసుకునేది మొదటి రోజే, అదీ తొలి కొన్ని గంటల్లో బాగా. ఆ పైన ఎంత తాగించినా ఆ లాభం ఉండదు.

సీసా తెచ్చిన కుర్రాడొకడు పిల్ల మెడ పట్టి తల పైకెత్తాడు. తాత వాడి చెయ్యి పక్కకు తోశాడు. తల ఆకాశానికెత్తి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, పిల్ల ప్రాణమే పోవచ్చు. పిల్ల నిలబడే తాగాలి. మెడ ముందుకు చాచాలి, సీసా తల్లి పొదుగంత ఎత్తునే ఉండాలి. అలా పట్టారు. పిల్ల తాగింది.

అప్పుడు చాచా అవ్వ వైపు తిరిగాడు. "అమ్మా, నీ గాడిదని కొన్నాళ్లు ఈడ ఉంచమ్మా. నువ్వు అమ్మే పాలకు ఎంతొస్తదో అంత ఇస్తా."

"పైసల ముచ్చట తర్వాత చూద్దాం గానీ భాయ్, ఇది పొదుగు పట్టనిస్తదో లేదో చూడు ముందు" అంది అవ్వ.

పట్టనివ్వలేదు. ముందు వాసన చూశాను. నా కూన వాసన కాదది, చచ్చిన గుర్రపు నెత్తురు వాసన. ఎగిరి తన్నాను.

మధ్యాహ్నం పశువైద్యురాలు వచ్చింది. బొడ్డుకు మందు అద్దింది, తొలి లద్దె పడిందో లేదో చూసింది, రక్తం తీసింది. తర్వాత నా సంగతి చూసింది. నా ముక్కు రంధ్రాల చుట్టూ ఘాటైన బామ్ రాయించింది. నా కూన పడుకున్న గడ్డితో, నా చెమటతో గుర్రప్పిల్ల ఒళ్లంతా రుద్దించింది. అవ్వ నా ముందుకాలు ఒకటి ఎత్తి పట్టుకుంది, మూడు కాళ్ల మీద ఉన్న గాడిద తన్నలేదు. నా కూనను ఒక పక్క నిలబెట్టారు. అది పొడిచింది, నేను చేపాను. రెండో రొమ్ముకు గుర్రప్పిల్లను అందించారు. నా ఎత్తు తక్కువ, దాని కాళ్లు పొడుగు. ముందుకాళ్లు రెండూ బార్లా చాపి, మెడ వంచి, తోక టపటపా కొట్టుకుంటూ తాగింది. బామ్ ఘాటులో నాకు వాసన తెలియలేదు. ఆ ఘాటు పోయేసరికి దాని ఒంటి నుంచి నా పాల వాసనే వచ్చింది.

నా పాలు దానికి సరిపడేవే. గుర్రం పాలూ గాడిద పాలూ దగ్గరి చుట్టాలు. వెన్న తక్కువ, తీపి ఎక్కువ. కానీ మోతాదు చాలదు. గుర్రప్పిల్ల రోజుకు తన బరువులో ఐదో వంతుకు పైగా పాలు తాగుతుంది. ముప్పై కిలోల పిల్లకు ఆరేడు లీటర్లు. నేను ఇవ్వగలిగింది అందులో ఓ మూల. మిగతాది చేత్తోనే పట్టాలి. పాతబస్తీలో ఎక్కడ చూసినా చిక్కటి గేదెపాలే. దాంట్లో ఏడు శాతం వెన్న, గుర్రం పాలలో ఒకటిన్నర, రెండు. గేదెపాలు పోస్తే పారుడు పట్టుకుని పిల్ల ఎండిపోతుంది. ఆవుపాలు మీగడ తీసి, నీళ్లు కలిపి, గ్లూకోజు పొడి వేయమంది డాక్టరమ్మ. "చక్కెర ఉంది కదమ్మా ఇంట్లో" అంటే వద్దంది. అంత చిన్న పిల్ల కడుపులో చక్కెర అరగదు.

సీసాతో అలవాటు ఎక్కువ రోజులు వద్దని కూడా చెప్పింది. చాచా పళ్లెంలో పాలు పోసి, వేలు ముంచి దాని నోట్లో పెట్టి, వేలితోపాటే మూతిని పాలలోకి దించేవాడు. రెండోరోజుకే దానంతట అదే తాగింది. మొదటి వారం రాత్రనక పగలనక గంటకూ రెండు గంటలకూ ఒకసారి. తబేలా ఆడవాళ్లు వంతులేసుకున్నారు. పళ్లెం వేడినీళ్లతో కడగడం, పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మణికట్టు మీద చూసుకోవడం వాళ్లకు చంటిపిల్లలతో వచ్చిన విద్యే.

కొన్నాళ్లకు పిల్ల నా లద్దె తినడం మొదలుపెట్టింది. అవ్వ అసహ్యపడి చీపురు తీసింది. డాక్టరమ్మ ఆపింది. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు పిల్ల కడుపులోకి చేరేది ఆ దారినేనట.

పాలు ఒక ఎత్తు, పెంపకం మరో ఎత్తు. నాకు నిజంగా పట్టింపు ఉన్నది దీని గురించే. బస్తీ పిల్లలందరికీ గుర్రప్పిల్ల ముద్దొచ్చింది. బిస్కెట్లు తినిపించారు, మెడకు చున్నీలు కట్టారు, భుజాల మీద ముందుకాళ్లు వేస్తే కేరింతలు కొట్టారు. చిన్నప్పుడు అది ఆట. పాలు మానే వయసుకు అది క్వింటాలు దాటుతుంది, అప్పుడు అదే కాలు మనిషి పక్కటెముక విరగ్గొడుతుంది. మనుషుల చేతుల్లోనే పెరిగిన గుర్రానికి మనిషంటే భయం లేదు, మర్యాదా లేదు. మనిషిని తన ఈడు గుర్రమని అనుకుంటుంది.

గుర్రప్పిల్ల తన కంటే పెద్ద జంతువు ఎదురైతే మెడ చాపి, పెదాలు వెనక్కి లాగి, పళ్లు టకటకలాడిస్తుంది. నేను చిన్నదాన్ని, నన్నేం చేయకు అని చెప్పే తీరు. ఈ పిల్ల ఆ పని ఎవరి ముందూ చేయలేదు. ఓ సాయంత్రం పొదుగు మీద పళ్లు దించింది. చెవులు వెనక్కి వాల్చాను, వినలేదు. మెడ మీద కొరికాను. మళ్లీ వచ్చింది, ఈసారి వెనక్కాలు ఊపాను. దూరం జరిగి, తల దించి, టకటకా పళ్లాడించింది. తాత చూసి, "ఇగ గుర్రమైంది" అన్నాడు. ఆ మాట నేను మరచిపోను. ఆ వారమే దాన్ని నాతోపాటు ముసలి ఆడగుర్రాల దొడ్లోకి వదిలారు. మిగతా పాఠాలు అవి చెప్పాయి.

ఇప్పుడు దాని కళ్ల చుట్టూ తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. తల్లిలాగే ఏటేటా తెల్లబడుతుంది. బారాత్‌కు తెల్లగుర్రమే కావాలంటారు గానీ, పెళ్లిళ్లకు తోలేందుకు చాలా టైముందని చాచా అంటున్నాడు. అంతదాకా మర్ఫా చప్పుడు దూరం నుంచి వినిపిస్తూ అలవాటు చేయిస్తాడట.

దేశంలో 2012లో 3.2 లక్షలున్న గాడిదలు 2019 పశుగణనకు 1.2 లక్షలయ్యాయి. ఏ తబేలాలో పిల్ల అనాథైనా పక్కింట్లో పాలిచ్చే గాడిద దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే డాక్టరమ్మ చాచాకు ఒక పని అప్పజెప్పింది. ఇక మీద ఏ గుర్రం ఈనినా దాని పిల్ల కడుపునిండా తాగాక పావు లీటరు ముర్రుపాలు పితికి, తేదీ రాసి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించాలి. ఏడాది దాకా పనికొస్తాయి. వాడేటప్పుడు గోరువెచ్చని నీళ్లలో పెట్టి కరిగించాలి, మరిగించకూడదు. పోయిన నెల పక్క తబేలాలో గుర్రం ఈనింది. చాచా డబ్బా పట్టుకుని తనే వెళ్లి పితికి తెచ్చాడు. దసరా తర్వాత ఇక్కడి చూడి గుర్రానికి నెలలు నిండుతాయి. అప్పుడు నన్ను ఇటు తోలుకొస్తానని అవ్వ ఒప్పుకుంది.