గుండె మారిన అంబాసిడర్

మదనపల్లె మార్కెట్లో టమాటాకు నాలుగు డబ్బులొస్తే చాలు, మావాడి కన్ను పాత కార్ల మీద పడుతుంది.

ఈసారి పుంగనూరులో దొరికింది. ఒళ్లు అంబాసిడర్‌ది. ఇంజను మెటడార్‌ది. గేరుబాక్సు ఎవరిదో అమ్మినాయనకే తెలియదు.

"రవ్వంత పనుందన్నా, అంతే!"

ఆ రవ్వంతలో బ్రేకులు, వైరింగు, రేడియేటరు, అడుగున తుప్పు. బానెట్‌కు గొళ్లెం బదులు కొబ్బరితాడు.

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. సామాన్ల కోసం వారానికోసారి బెంగళూరు బస్సు. కారు కొన్నాకే మావాడికి బస్సు యోగం పట్టింది!

కుప్పం దాకా ట్రయల్ వేశాడు. పోయేటప్పుడు కారు వాణ్ణి మోసింది. వచ్చేటప్పుడు కారును లారీ మోసింది.

ఆర్‌సీలో ఇంజను నంబరొకటి, బండిలో ఉన్నదొకటి. అనుమతి లేకుండా ఇంజను మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఊరుకోదు. మావాడి భార్య అసలే ఊరుకోదు.

పుంగనూరు ఆవు మూడడుగులే. ఇంత గడ్డి తిని పాలిస్తుంది. ఇది పాకంతా ఆక్రమించి ఆయిలు కారుస్తోంది.

ప్రస్తుతం వెనక సీట్లో కోడి పొదుగుతోంది. కొనేవాళ్లుంటే చెప్పండి.

కోడి అమ్మకానికి లేదు.