ఐదో కాంటూరు కులస్తులు

తీరప్రాంత జనాన్ని వర్గాలుగా విడదీసే ముందు ఆ జనాన్నే కూర్చోబెట్టి అడగాలని ఇప్పుడు పెద్దలంతా ఒప్పుకుంటున్నారు. సంతోషం. అడిగే పని ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి గనక కొల్లేరు రండి. వర్గాల్లో పడటం మా లంక జనానికి బాగా అలవాటు. యాభై ఏళ్లలో వాళ్లని కులాన్నిబట్టి విడదీశారు, సొసైటీనిబట్టి విడదీశారు, పట్టా రంగునిబట్టి, జిల్లానిబట్టి విడదీశారు. ఇంకేం మిగల్లేదు అనుకుంటుంటే, ఇల్లు సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున ఉందో చూసి మరీ విడదీశారు. చెప్పకుండా చేశారని మాత్రం అనకూడదు. ప్రతిసారీ సమాచారం అందింది. ఒకసారి పేపర్లో వచ్చింది, ఒకసారి పొక్లెయిను ఎక్కి వచ్చింది.

ముందు తేలాల్సింది, అసలు వీళ్లు తీరప్రాంతం వాళ్లేనా అన్నది. 2022 ఏప్రిల్ 3 రాత్రి పడుకునేదాకా వాళ్లే. కైకలూరు, మండవల్లి వాళ్లు కృష్ణా జిల్లాలో పడుకున్నారు, ఏలూరు, భీమడోలు వాళ్లు పశ్చిమగోదావరిలో పడుకున్నారు. రెండు జిల్లాలకీ సముద్రం ఉండేది. నాలుగో తేదీ తెల్లారేసరికి అందరూ కొత్తగా పుట్టిన ఏలూరు జిల్లా అయ్యారు. ఏలూరు జిల్లాకి సముద్రం లేదు. రాత్రికి రాత్రి బంగాళాఖాతం వెనక్కి జరిగిపోయింది, ఒక్క వలా తెగలేదు, ఒక్క పడవా ఒరగలేదు. ఆకివీడు మాత్రం పశ్చిమగోదావరిలోనే ఉండిపోయింది కాబట్టి, ఇప్పుడు ఉప్పుటేరుకి ఈ గట్టున తీర జిల్లా, ఆ గట్టున తీరం లేని జిల్లా. ఉప్పుటేరుకి గెజిట్ అందినట్టు లేదు. పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్లని ఎప్పటిలాగే ఎగువకి మోసుకొస్తూనే ఉంది.

దీంట్లో ఒక సౌకర్యం ఉందండోయ్. తుఫాను హెచ్చరిక వచ్చినరోజు మనం కోస్తా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట ఆపినందుకు ఇచ్చే భృతి, అదే ఇరవై వేలు, పంచేరోజు మాత్రం మనం లోతట్టు. కొల్లేట్లో వలవేసేవాడికి ఆ అరవై ఒక్క రోజులూ చేపలు కాగితాల మీదే ఈదుతుంటాయని కాబోలు.

తీరాన్ని గడుల్లో సర్దడం ఢిల్లీకి కొత్త విద్యేం కాదు. 2019 జనవరిలో వచ్చిన తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ పల్లెటూరి తీరాన్ని రెండు రకాలు చేసింది. చదరపు కిలోమీటరుకి 2,161 మంది కన్నా ఎక్కువ ఉంటే ఒక రకం, ఆ లోపైతే ఇంకో రకం. మొదటి రకంలో పోటు గీత నుంచి యాభై మీటర్లు దాటితే కట్టుకోవచ్చు, రెండో రకంలో రెండొందల మీటర్లు దాటాలి. ఆ లెక్కకి జనాభా 2011ది. ఆ 2,161ని దాటించే చివరి ఒక్కడు అప్పుడు ఊళ్లో ఉన్నాడా, చెన్నై వలసపోయాడా అన్న దాన్నిబట్టి మిగతా ఊరంతటి గోడలూ ఎక్కడ లేవాలో తేలుతుంది. ఇంత శాస్త్రీయంగా ఆలోచించే దేశంలో కొల్లేటికి దక్కింది కాంటూరు.

1999 మేలో కోస్టారికా రాజధాని సాన్ హోసేలో రామ్సార్ ఒప్పందం దేశాలన్నీ సమావేశమయ్యాయి. చిత్తడి నేలల విషయంలో స్థానిక జనాన్ని భాగస్వాములుగా చేసుకోవాలని మార్గదర్శకాలు రాసుకుని, చప్పట్లు కొట్టుకుని, ఎవరిళ్లకి వాళ్లు వెళ్లారు. సరిగ్గా ఆ ఏడాదే అక్టోబరు నాలుగో తేదీన, మన ప్రభుత్వం 120 నంబరు జీవో ఇచ్చింది. ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం. అరణ్యం అంటే చెట్లుండాలేమో అని అనుమానపడ్డ లంకవాసికి కిక్కిస చూపించారు. 2002లో ఇదే కొల్లేరు, ఈసారి పదో కాంటూరు దాకా, తొంభై వేల హెక్టార్లు, రామ్సార్ జాబితాలోకి ఎక్కింది. అంటే జనాన్ని అడగమన్న పుస్తకంలోకి, జనాన్ని అడగని సరస్సు సగౌరవంగా ప్రవేశించింది.

న్యాయంగా మాట్లాడాలి. అడిగే ఏర్పాటు చట్టంలో లేకపోలేదు. 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 21 ప్రకారం కలెక్టరు గారు ప్రాంతీయ భాషలో ప్రకటన వేయించాలి. హక్కులున్నవాళ్లు రెండు నెలల్లోగా వచ్చి చెప్పుకోవాలి. తాతలనాటి నుంచి నీళ్లమీద బతికినవాడు ఆ నీటిమీద తనకి హక్కుందని రెండు నెలల్లో కాగితం తెచ్చి చూపాలన్నమాట. తాటిదోనెకి రిజిస్ట్రేషన్ పత్రం ఉండదు, మావు పెట్టిన గుంటకి సర్వే నంబరు ఉండదు. ఉన్నవాడు ఎవడయ్యా అంటే, వేల ఎకరాల జిరాయితీ కాగితాలున్నవాడు. కాగితం ఉన్నవాడు హక్కుదారు అయ్యాడు, చేప పట్టేవాడు ఆక్రమణదారు అయ్యాడు.

ఇక ఐదో కాంటూరు సంగతి. అది సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీత. కంటికి కనిపించదు, కాలికి తగలదు. కోర్టులో మాత్రం ఉంటుంది. లంక గ్రామంలో అరుగు ఒక వర్గం కావచ్చు, వంటిల్లు ఇంకో వర్గం కావచ్చు. బుడమేరూ, తమ్మిలేరూ, రామిలేరూ ఏటేటా మట్టి తెచ్చి పోస్తుంటే నేల మెరకవుతుంది. మెరకైతే గీత జరుగుతుంది, గీత జరిగితే మనిషి జాతకం మారుతుంది. పది తట్టల మట్టి తెచ్చి పెరడు ఎత్తు చేసుకున్నవాడు శాస్త్రప్రకారం ఉన్నత వర్గీయుడే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచి కొల్లేటికి వచ్చినప్పుడు ఏ కాంటూరు దగ్గర ఆగాలో దానికి ఎవరూ మ్యాపు చూపించినట్టు లేదు. ఐదూ, ఏడూ అన్నీ కలిపి తొక్కేసింది. ఇంతటి సామ్యవాది కొల్లేటి చరిత్రలో మరొకరు లేరు.

ఈ గీతమీద జరిగినన్ని రాజకీయాలు గోదావరి నీళ్లమీద కూడా జరిగి ఉండవు. 2006లో సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ మాట మీద చెరువుగట్లు కొట్టేశారు. 2008లో అసెంబ్లీ ఏకమై ఐదు కాదు, మూడు చాలని తీర్మానం చేసింది. కేంద్రం అజీజ్ గారి కమిటీని వేస్తే, వాళ్లు చూసి వెళ్లి, 2011లో ఐదే ఉండాలన్నారు. అప్పటి నుంచి వరస ఒకటే. ఎన్నికలొస్తే మూడు, కోర్టొస్తే ఐదు. 2025లో సుప్రీంకోర్టు సరిహద్దులు తేల్చమంది, సాధికార కమిటీ మళ్లీ వచ్చింది, జనం మళ్లీ వినతిపత్రాలు పట్టుకుని నిలబడ్డారు. పాతికేళ్లలో కొల్లేట్లో తప్పకుండా పెరిగిన సంపద ఏదన్నా ఉందంటే, గుర్రపుడెక్క తర్వాత వినతిపత్రాలే.

సరే, భాగస్వాములు ఎవరు? అక్కడే ఉంది రుచి.

1976లో జలగం వెంగళరావు గారి ప్రభుత్వం మత్స్యకారులచేతా, బలహీనవర్గాలచేతా సొసైటీలు పెట్టించి, కొల్లేటి భూమి వాళ్లకి అప్పగించి చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. కానీ చెరువంటే నీళ్లు ఒక్కటే కాదుగా. పిల్లకి డబ్బు, మేతకి డబ్బు, డీజిలుకి డబ్బు. డబ్బున్నవాడు గట్టుకి అవతల నుంచి వచ్చి, లీజు తీసుకుని, సొసైటీ సభ్యుడి చెరువుకి ఆ సభ్యుణ్నే కాపలాదారుగా పెట్టుకున్నాడు. జాబితాలో యజమాని వడ్డి కులస్తుడు, గట్టుమీద టార్చిలైటు పట్టుకుని తిరిగేదీ ఆ వడ్డి కులస్తుడే. వెనుకబడిన తరగతుల జాబితాలో అతని కులం ఎక్కడుంటుందో తెలుసా? ఒడ్డె, ఒడ్డీలు, వడ్డి, వడ్డెలు అంటూ ఒకే వరసలో. రాళ్లు కొట్టేవాళ్లూ, వలలు వేసేవాళ్లూ ఒక్క గడిలో సర్దుకున్నారు. రాయికీ నీటికీ తేడా తెలియని వర్గీకరణ చేసినవాళ్లు, ఇప్పుడు మూడడుగులకీ ఐదడుగులకీ తేడా తేలుస్తున్నారు.

ఏలూరులో సంప్రదింపుల సభ పెట్టారనుకోండి. 'మా మత్స్యకార సోదరుల బతుకులు' అని గొంతు జీరపోయేలా మాట్లాడే పెద్దమనిషి ముందు వరసలో ఉంటాడు. ఆయన చేతులకి చేప వాసన ఎప్పుడూ అంటలేదు, ఆయన డబ్బుకే అంటింది. సోదరులు వెనక నిలబడి ఉంటారు. వాళ్లని లారీలో తెచ్చింది ఆయనే, తిరిగి తీసుకెళ్లాల్సిందీ ఆయనే, కాబట్టి చప్పట్లు ఎప్పుడు కొట్టాలో వాళ్లకి బాగా తెలుసు. రొయ్య వొలిచే ఆడకూతుళ్లూ, గంపెత్తుకుని ఊరూరా తిరిగి పచ్చిచేప అమ్మేవాళ్లూ సభకి రారు. ఆ రోజు బేరం పోతుంది. రిజిస్టరులో మాత్రం మహిళా భాగస్వామ్యం ఉంటుంది, మొదటి పేజీలో టీ అందించినామె సంతకం.

సభ ఎలా నడుస్తుందో ఊహించడం కష్టం కాదు. కుర్రాడు ట్యాబు పట్టుకుని అడుగుతాడు.

"పెద్దాయనా, మీది సరస్సు లోపలి బెడ్ గ్రామమా, చుట్టూ ఉండే బెల్ట్ గ్రామమా?"

"ఏమో బాబూ, ఆగస్టులో అయితే బెడ్డే. మంచం కింద నీళ్లుంటాయి."

"వృత్తి ఏంటండీ? వేటా, పెంపకమా? ఒక్కటే నొక్కాలి."

"వానలకి మావులు పెడతానండి, కొర్రమీను, ఇంగిలాయి ఏది పడితే అది. చెరువు పట్టుబడికి పిలిస్తే కూలికెళ్తాను. మావోడు కైకలూరులో పెట్టెల్లో ఐసు కొడతాడు. ఎండాకాలం నీళ్లు తీస్తే బాతులు మేపుకుంటాం. ఈ నాలుగూ కలిపి నొక్కడానికి బొత్తాం లేదా?"

లేదు. కుర్రాడు కాసేపు ఆలోచించి 'ఇతరములు' నొక్కుతాడు. కొల్లేటి జనాభాలో సగం ఇతరముల్లో తేలినా ఆశ్చర్యం లేదు. నివేదికలో ఒక అధ్యాయం దాని మీదే ఉంటుంది, ఇతరముల సమస్య ఆందోళనకరంగా ఉందని.

మనిషి ఒకటే, ఏడాదికి నాలుగు వర్గాలు మారతాడు, నీటితోపాటు. ఈ సంగతి లంకలో అమ్మమ్మలందరికీ తెలుసు. ఎవరు సొంత దోనె మీద చేప పడతారు, ఎవరు ఇంకొకరి చెరువులో పడతారు, ఎవరికి సొసైటీ వాటా చేతికొస్తుంది, ఎవరికి కాగితం మీదే వస్తుంది, ఎవరు అప్పుతీర్చలేక ఊరు విడిచారు అన్న వర్గీకరణ వాళ్ల దగ్గర తాజాగా ఉంది. దానికి వర్కుషాపు అక్కర్లేదు. గడులు ఏవి ఉండాలో వాళ్లని అడిగినవాడు మాత్రం ఇంతవరకూ రాలేదు. వచ్చినవాళ్లంతా, గీసుకొచ్చిన గడుల్లో నువ్వెక్కడ అని అడిగినవాళ్లే.

ఇది కొత్త ఆచారం కూడా కాదులెండి. కొల్లేటికోటలో గజపతుల సేన ఉన్నప్పుడు, నీళ్లు అడ్డమై శత్రువు లోపలికి రాలేకపోయాడనీ, సరస్సు నీటిమట్టం దించేయడానికి ఉప్పుటేరు తవ్వించబోయాడనీ, కోట కాపాడుకోవడానికి సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడనీ ఒక కథ చెబుతారు. నీటిమట్టం దించాలనుకున్నవాడు ఒకడు, దించకూడదనుకున్నవాడు ఒకడు, మధ్యలో ప్రాణం పోయింది మాత్రం మూడో మనిషిది. ఆ పిల్లని కూడా సంప్రదించే ఉంటారు. మినిట్స్ దొరకడం లేదంతే.

కాబట్టి ఈసారి ఒక చిన్న మార్పు. తీరప్రాంత సముదాయాలని వర్గీకరించడానికి వచ్చేవాళ్లని ముందు లంక జనం వర్గీకరిస్తారు. పెద్దింట్లమ్మ గుడి ముందు కూర్చుని, అమ్మవారి సాక్షిగా. నాలుగు నెలల నీళ్లలో ఎప్పుడూ రానివాళ్లు మూడో కాంటూరు కింద వస్తారు. ఫిబ్రవరిలో గూడబాతుల్ని చూడ్డానికి ఆటపాక వచ్చి, కెమెరా సర్దుకుని, కొల్లేరు బాగానే ఉందని రాసేవాళ్లు ఐదో కాంటూరు. ఎన్నికల ముందు మూడనీ, గెలిచాక ఐదనీ చెప్పేవాళ్లని ఏ గట్టుమీదా నిలవనివ్వకుండా ఉప్పుటేరు జాతి కింద లెక్కేస్తారు. లీజుదారులకి వేరే ఫారం ఉంటుంది. దాంట్లో, మీ చెరువుకి కాగితం మీద యజమాని ఎవరు, ఆయనకి కిందటేడు ఎంత ఇచ్చారు అన్న రెండే ప్రశ్నలుంటాయి. కమిటీలకి కూడా ఒక గడి ఉంది: ఇదివరకటి కమిటీ నివేదిక చదివి వచ్చినవి, చదవకుండా వచ్చినవి. మొదటి దాంట్లో ఒక్కటీ లేకపోతే ఆ గడి తీసేస్తారు.

అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చు. చట్టం ఇచ్చిన గడువే, రెండు నెలలు. హక్కు రుజువుకి కాగితాలు చెల్లవు, దోనె తోసి చూపించాలి. ప్రకటన ప్రాంతీయ భాషలోనే వేస్తాం.