కిట్టు సిద్ధం, గట్టే లేదు

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని తెలియగానే కాకినాడలో రెండు పనులు వెంటవెంటనే జరిగిపోతాయి. కొట్లలో బ్రెడ్డు ప్యాకెట్లు అయిపోతాయి. ఫోన్లలోకి జాగ్రత్తల జాబితా దిగిపోతుంది. రెండింట్లో బ్రెడ్డే నయం, తినడానికైనా పనికొస్తుంది.

జాబితా మీరూ చూసే ఉంటారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారు దేశానికంతటికీ కలిపి వండిన వంట అది. పుకార్లు నమ్మకండి, కంగారు పడకండి. ఫోన్లు చార్జింగ్ పెట్టుకోండి. విలువైన కాగితాలు తడవకుండా దాచుకోండి. ఇంటి పైకప్పు బాగుచేయించుకోండి. పడవల్ని క్షేమమైన చోట కట్టుకోండి. పశువుల కట్లు విప్పేయండి. అన్నిటికీ మించి, ఒక అత్యవసర కిట్టు సిద్ధంగా ఉంచుకోండి. ఇందులో ఒక్క మాట తప్పని నేననను. ఢిల్లీలో చదివితే చాలా బాగుంటుంది. కాకినాడ పక్కనే ఉన్న ఉప్పాడలో చదివినప్పుడే చిక్కు.

కాగితాల సంగతే తీసుకోండి. ఉప్పాడలోనూ, పక్కనున్న మాయాపట్నం, సూరాడపేట, కోనపాపపేటల్లోనూ సముద్రం ఏళ్ళ తరబడి నేలను కోసుకుపోతోంది. తాతలనాటి ఇల్లెక్కడని అడిగితే అలల వైపు వేలు చూపించేవాళ్ళు అక్కడ వీధికొకరుంటారు. ఇల్లు పోయినా కాగితం పోలేదు. ట్రంకుపెట్టె అడుగున, పాలిథిన్ కవర్లో, మడతల దగ్గర చిరిగినా అక్షరాలు చెదరకుండా ఉంటుంది. తూర్పు హద్దు ఫలానావారి దొడ్డి అని స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ దొడ్డిలో ఇప్పుడు చేపలు కాపురముంటున్నాయి. కాగితం తడవకూడదన్న సర్కారు వారి సలహాను ఇంత నిష్ఠగా పాటించిన ఊరు ఇంకొకటి ఉండదు. తడిసింది స్థలం ఒక్కటేనండి, ఆయ్!

పడవను క్షేమమైన చోట కట్టుకోమన్నారు. మంచిదే. వలలు ఆరేసుకోవడానికీ, పడవలు లాగి పెట్టుకోవడానికీ ఒకప్పుడు ఒడ్డున ఇసుక ఉండేది. ఆ ఇసుక పోయాక పడవలు రోడ్డెక్కాయి. ఆ రోడ్డును, అంటే కాకినాడ - ఉప్పాడ బీచ్ రోడ్డును, ప్రతి పెద్ద తుపానూ వచ్చి కొరికిపోతుంది. ఉప్పాడ ఫిషింగ్ హార్బరుకు 2020 నవంబరులో శంకుస్థాపన చేశారు. దాని పనులు సాగుతుండగానే అసని వచ్చింది, మిచౌంగ్ వచ్చింది, మొంథా వచ్చింది. తుపాన్లకు టెండర్ల బాధ లేదు కదా మరి.

ఇక కరెంటు. మన మధ్యతరగతి సంసిద్ధత అంతా ఇన్వర్టర్ చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

గాలి పెరగ్గానే డిస్కం వాళ్ళే సరఫరా ఆపేస్తారు. ఆపాలి కూడా. తెగి నీళ్ళలో పడ్డ తీగలో కరెంటు ఉంటే తుపాను చెయ్యాల్సిన పని అదే చేసేస్తుంది. అప్పుడు ఇన్వర్టర్ గారు రంగప్రవేశం చేస్తారు. సాధారణంగా ఇళ్ళలో ఉండేది 12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీ. లెక్క ప్రకారం 1,800 వాట్ అవర్లు. రెండు ఫ్యాన్లు, మూడు ఎల్‌ఈడీ బల్బులు వేసుకుంటే కాగితం మీద పది గంటలు వస్తుంది. నష్టాలన్నీ తీసేస్తే ఏడెనిమిది. కొని నాలుగేళ్ళయిందంటే అందులో సగం. ఆ తర్వాత దాన్ని మళ్ళీ నింపాలంటే కావలసింది ఏమిటి? కరెంటే. ఒక పూట కోతకు పుట్టిన యంత్రాన్ని పట్టుకొని, 2014 అక్టోబరు 12న విశాఖను కొట్టిన హుద్‌హుద్ లాంటి దాన్ని ఎదుర్కొంటామని బయల్దేరాం. ఆ నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. అప్పుడూ ఇళ్ళలో ఇన్వర్టర్లున్నాయి, మొదటి రాత్రికే ఊపిరి వదిలేశాయి.

పోనీ ఫ్యాన్ తిరుగుతోంది కదా అనుకుందాం. నీళ్ళో? బోరు మోటారు ఒక హార్స్‌పవర్ అంటేనే 746 వాట్లు, మొదలయ్యేటప్పుడు ఇంకా కొన్ని రెట్లు లాగుతుంది. ఇంటి ఇన్వర్టర్ దాన్ని చూసి కీచుమని అరిచి పడుకుంటుంది. కరెంటు పోయిన మరునాడు మేడ మీద ట్యాంకు ఖాళీ, ఆ మరునాడు బిందె ఖాళీ. ఈలోగా సెల్ టవర్ బ్యాటరీ కూడా అయిపోతుంది. ఫోన్ చార్జింగ్ పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాం, నూటికి నూరు శాతం ఉంది, సిగ్నల్ సున్నా. తీగ తెగింది మొర్రో అని 1912కు చేద్దామన్నా గీతలుండాలి కదా. ఫోన్‌పే పనిచెయ్యదు. పెట్రోలు బంకులో పంపు తిరగాలన్నా కరెంటో జనరేటరో ఉండాలి. పాలవాడు చిల్లర అడుగుతాడు. మన జేబులో చిల్లర ఉండి ఎన్నాళ్ళయింది? లాంతరు వెలిగిద్దామంటే రేషన్లో కిరోసిన్ ఇవ్వడం ఎప్పుడో మానేశారు. అటక మీది లాంతరు ఇప్పుడు కాకినాడ కాఫీ హోటళ్ళలో అలంకారానికి వేలాడుతోంది.

ఉప్పాడ ఆడవాళ్ళకు ఈ పాఠం చెప్పాల్సిన అవసరం ఎన్నడూ లేదు. గాలి తిరిగిందంటే బిందెలూ బక్కెట్లూ నింపుతారు. బియ్యం డబ్బా, అగ్గిపెట్టె పైకెక్కిస్తారు. ఎండుచేపలు మూటకడతారు. నీళ్ళు గడప ఎక్కకముందే మెయిన్ స్విచ్ దించేస్తారు. కొంగు ముడిలో నాలుగు నోట్లుంటాయి. వాళ్ళ దగ్గర నేర్చుకొని రాసుకోవాల్సిన జాబితాను మనమే రాసి వాళ్ళకు పంపుతున్నాం. పైగా రెయిన్‌కోటు తొడుక్కున్న టీవీ కుర్రాడొకడు వాళ్ళ ఇంటి ముందే నిలబడి, గాలికి అవసరమైన దానికన్నా రెండింతలు వంగి, "ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని వాళ్ళకు వీపు చూపిస్తూ చెబుతుంటాడు.

ఏ కిట్టులోనూ పట్టని వస్తువు ఒకటుంది. ఉప్పాడ నేతవారి గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు, ఒకే చీర మీద. జాందానీ బుటాకు ముందూ వెనుకా తేడా కనిపించకూడదు. పువ్వులో ప్రతి పోగునూ చేత్తో దూర్చాల్సిందే. పనితనాన్ని బట్టి ఒక్కో చీరకు వారాలు, నెలలు పడుతుంది. తుపాను రాత్రి ఆ గుంటలోకి నీళ్ళు పైనుంచి రావాల్సిన పనిలేదు, కిందినుంచే ఊరతాయి. పడుగు బిగించి ఉంటుంది. సగం నేసిన చీరను కోసి సంచిలో వేసుకొని పునరావాస కేంద్రానికి వెళ్ళలేరు. వానలు తగ్గాక గుంటలో నీళ్ళు తోడాలి, గోడల చెమ్మ ఆరాలి, అప్పటిదాకా కూలి లేదు. ఈ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు నిలిచింది, భూగోళమే నిలవడం లేదు.

"మరి ప్రభుత్వం ఏమీ చెయ్యలేదా?" అని అడిగేవాళ్ళుంటారు. చేసింది. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. వేటకు వెళ్ళి తిరిగిరానివాళ్ళు చాలామంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటేనాటికి అది ఎటు వస్తుందో రోజుల ముందే తెలుసు. వేట ఆపించారు, లోతట్టు జనాన్ని తరలించారు, శిబిరాల్లో అన్నం పెట్టారు. ప్రాణాలు నిలబడ్డాయి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది కూడా ఇదే. ఆ ప్రాణాల్ని కాపాడింది ఉపగ్రహం, రాడారు, ఊళ్ళోకి వచ్చిన బస్సు, తలుపు తట్టిన వీఆర్వో. టార్చిలైటూ బిస్కట్ ప్యాకెట్టూ ఉన్న సంచి కాపాడిందని ఎవరైనా అంటే, ఆ సంచి కూడా సిగ్గుపడుతుంది.

హుద్‌హుద్ తర్వాత విశాఖలో ఏం చేశారో గుర్తుందా? ఇంటికో కొవ్వొత్తి పంచి చేతులు దులుపుకోలేదు. ప్రపంచ బ్యాంకు నుంచి అప్పు తెచ్చి కరెంటు తీగల్ని భూమిలోకి దించే పని పెట్టుకున్నారు. అదీ సంసిద్ధత అంటే. నగరానికి భూగర్భ కేబులు, పల్లెకు కరపత్రం. ఉప్పునీటి గాలికి తుప్పుపట్టే స్తంభాల కింద నిలబడి "కరెంటు లేకపోయినా ధైర్యంగా ఉండండి" అని చదువుకోవాలి.

సముద్రాన్ని ఆపాల్సిన గట్టు కథ ఇంకా పసందైనది. కాకినాడకు ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది, గోదావరి మేట వేసిన పదహారు కిలోమీటర్ల ఇసుక దిబ్బ. అలల దెబ్బలు అది కాస్తుంది కాబట్టి కాకినాడ కాస్త నిమ్మళంగా ఉంటుంది. ఉత్తరాన ఉన్న ఉప్పాడకు ఆ చాటు లేదు. గోదావరి తెచ్చే ఇసుకలో చాలా భాగం పైన ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. అందుకని ఇసుక నింపిన పెద్ద పెద్ద సంచుల్ని, జియో ట్యూబులంటారు వాటిని, ఒడ్డున గోడలా పేర్చారు. కొన్నాళ్ళు ఆపాయి. తర్వాత అలలు వాటిని చీల్చేశాయి. అప్పట్నుంచి రాళ్ళు పోస్తున్నారు. తుపానుకు ముందు రాళ్ళు, తుపాను తర్వాత రాళ్ళు, నాయకులొచ్చినప్పుడు వాళ్ళు చూస్తుండగా రాళ్ళు. సముద్రం వాటిని దిగమింగుతోంది, బిల్లులు మాత్రం ఒడ్డునే భద్రంగా ఉంటున్నాయి. ఆ కాగితాలు ఎన్నడూ తడవలేదు.

కాబట్టి అధికారుల వారికి ఒక మనవి. అక్టోబరు రాకముందే మీ జాబితా ఎలాగూ వేయిస్తారు. మా వంతు పనులు ముందు పేజీలో ఉండనివ్వండి, చేసుకుంటాం. వెనక పేజీ ఖాళీగా ఉంటోంది, అక్కడ మీ వంతు అచ్చువేయించండి. తుపాను షెల్టరులో జనరేటరు చివరిసారి ఏ తేదీన నడిపి చూశారు, డీజిలు ఎన్ని లీటర్లుంది, మంచినీళ్ళ ట్యాంకు మోటారుకు ప్రత్యామ్నాయ కరెంటు ఎక్కణ్నుంచి, టవర్ బ్యాటరీ ఎన్ని గంటలు, మగ్గం గుంట మునిగితే ఎన్ని రోజుల కూలి ఎవరిస్తారు, గట్టు ఏ సంవత్సరానికి పూర్తవుతుంది. కింద సంతకం, హోదా. ఆ కాగితాన్ని ఉప్పాడ వాళ్ళు తడవకుండా దాచుకుంటారు. ఆ పనిలో వాళ్ళకు బాగా అలవాటుంది.